కాగితం లేని జాగా

నెల్లూరులో మద్రాసు బస్టాండ్ దగ్గరో, ఒంగోలులో అద్దంకి బస్టాండ్ దగ్గరో తెల్లవారుజామున, ఊడ్చేవాళ్లు కూడా రాకముందు నడిస్తే రోడ్డు వారన కొన్ని వస్తువులు కనిపిస్తాయి. సగం ఇటుక. దాని కింద ఎగిరిపోకుండా నొక్కిపెట్టిన గోనె సంచి. ఒక కాలు విరిగిన ప్లాస్టిక్ స్టూలు. కరెంటు స్తంభానికి కట్టి, కొస నేల మీద వదిలేసిన తాడు. కొత్తగా చూసేవాళ్లకు ఇదంతా చెత్త. అక్కడ బండి పెట్టుకుని బతికేవాళ్లకు హద్దురాళ్లు. ఆ ఇటుకను ఎవరైనా కాలితో పక్కకు తోశారంటే పొలం గట్టు జరిపినట్టే లెక్క.

గట్టు తగాదాల్లో తలలు పగలడం మన పల్లెలకు కొత్త కాదు. అయితే పొలానికి అడంగల్ ఉంటుంది, 1-బి హక్కుల పత్రం ఉంటుంది, ఎఫ్ఎంబీ అనే కొలతల పుస్తకం ఉంటుంది, అర్జీ పెట్టుకుంటే ఎప్పటికో ఒకప్పటికి గొలుసు పట్టుకుని సర్వేయరు వస్తాడు. ఇటుక కోసం వచ్చేవాళ్లు ఎవరూ లేరు.

జిల్లా పేజీలో ఈ వార్త సింగిల్ కాలంలో వస్తుంది. బండి పెట్టే చోటు దగ్గర ఇద్దరు చిరు వ్యాపారుల ఘర్షణ, ఒకరికి గాయాలు, కేసు నమోదు. చదివినవాళ్లు తాగి కొట్టుకుని ఉంటారులే అనుకుని పేజీ తిప్పేస్తారు. కొన్నిసార్లు తాగే ఉంటారు. కానీ ఈ గొడవలు ఏ రోజున, ఏ గంటకు, ఎవరెవరి మధ్య వస్తాయో గమనిస్తే మందు కంటే గట్టి కారణం కనబడుతుంది. రోడ్డు మీద నాలుగడుగుల జాగాకు ఒక ధర ఉంది. ఆ ధర ఎంతో అక్కడున్న అందరికీ తెలుసు. కాగితం మాత్రం లేదు. కాగితం లేని ఆస్తిని మనిషి ఒంటితో కాపలా కాయాల్సిందే.

ధర ఎంతో చూద్దాం. లెక్క కోసం ఒక పునుగుల బండి అనుకుందాం. ప్లేటు 30 రూపాయలు. బస్సు ఆగే చోట నిలబడితే సాయంత్రానికి 150 ప్లేట్లు పోతాయి. ముప్ఫై అడుగులు ఇవతల, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే 90. తేడా 60 ప్లేట్లు, అంటే 1,800 రూపాయల అమ్మకం. పిండి, నూనె, గ్యాసు పోను అందులో మూడో వంతు మిగిలినా రోజుకు 600. నెలలో 26 రోజులు బండి పెడితే 15,600. ముప్ఫై అడుగుల దూరం ఖరీదు ఒక చిన్న ఉద్యోగం జీతమంత. ఏ రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకంలోనూ లేని ఈ ఆస్తి విలువ, పక్క బండివాడికి పైసలతో సహా తెలుసు. సాయంత్రం ఎవరి నూనె డబ్బా ఎప్పుడు ఖాళీ అయిందో చూసే కళ్లు అక్కడ చాలా ఉంటాయి.

'అంత కొట్లాట ఎందుకు, ఇంకో వీధిలో పెట్టుకోవచ్చు కదా' అనే మాట తరచుగా వినబడుతుంది. నెల్లూరు మాగుంట లేఅవుట్ నిండా ఖాళీ రోడ్లున్నాయి గదా అంటారు. ఈ మాట అనేవాళ్లు ఎప్పుడూ తోపుడు బండి తోసి ఉండరు. జనం బజ్జీలు తినాలనుకుంటే బజ్జీల బండ్లు నాలుగున్న చోటికే వెళతారు, ఒంటరిగా ఉన్న బండిని వెతుక్కుంటూ వెళ్లరు. అమ్మేవాళ్లు దూరదూరంగా ఉండకుండా ఒకే చోట ఎందుకు గుంపు కడతారో హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1929లోనే లెక్కలు కట్టి చూపించాడు. పక్కవాడికి దగ్గరగా జరిగినకొద్దీ వాడి గిరాకీలో కొంత మనవైపు వస్తుంది. వాడూ అదే పని చేస్తాడు. చివరికి ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ నిలబడతారు. మన సెంటర్లలో జరిగేది అదే. పక్కవాడు లేకపోతే జనం రారు, ఉంటే గిరాకీ చీలుతుంది. శత్రువు పక్కనే నిలబడి రోజూ పద్నాలుగు గంటలు గడిపే వృత్తి ఇది.

ఇంత ఇరుకులో కూడా ఏడాదిలో ఎక్కువ రోజులు ఏ గొడవా జరగదు. అసలు అడగాల్సిన ప్రశ్న అదే. జరగకపోవడానికి కారణం, ఎవరూ రాసి పెట్టని ఒక చట్టం అక్కడ నడుస్తూ ఉంటుంది. ముందు వచ్చినవాడిది ముందు జాగా. వెనక షాపు ఓనరు ఒప్పుకుంటేనే ఆ షాపు ముందు బండి. ఇంట్లో పెళ్లో చావో అయి రాలేకపోతే తమ్ముణ్నో కొడుకునో నిలబెట్టాలి, ఎవరూ లేకపోతే పక్క బండావిడకు చెప్పి పోవాలి. వారం పది రోజులు మనిషి కనబడకపోతే ఇటుక చెల్లదు. పూల బుట్ట పక్కన పూల బుట్ట పెట్టకూడదు, మధ్యలో ఇంకో సరుకు ఉండాలి. పొద్దున బోణీ కాకముందు ఎదురు బండి దగ్గరికి వెళుతున్న మనిషిని పిలవకూడదు. చూడ్డానికి చిన్నవే కానీ వీటిలో ఏది తప్పినా నోళ్లు లేస్తాయి.

ఈ చట్టంలో అన్నిటికంటే బలహీనమైనది అద్దె. జాగా ఉన్న మనిషి వయసైపోయో, ఆటో కొనుక్కునో, కొడుకు దగ్గరికి చెన్నై వెళ్లిపోయో బండి మానేస్తాడు. జాగాను మాత్రం వదులుకోడు. రోజుకు ఇంత అని ఇంకొకరిని కూర్చోబెడతాడు, లేదా 'గుడ్‌విల్' పేరుతో ఒకేసారి డబ్బు తీసుకుని అప్పగిస్తాడు. సాక్షులు ఉంటారు, కాగితం ఉండదు. రెండు మూడేళ్లు గడిచాక కూర్చున్నవాడికి ఒక ఆలోచన వస్తుంది. ఎండలో నిలబడుతున్నది నేను, గిరాకీని సంపాదించుకున్నది నేను, వీడికి రోజూ డబ్బులెందుకు? ఇవ్వడం ఆపేస్తాడు. అవతలివాడు మనుషుల్ని తీసుకుని వస్తాడు. ఇద్దరిలో ఎవరిది న్యాయం అంటే ఆ వీధిలోనే రెండు వర్గాలుగా చీలిపోతారు. కోర్టుకు పోదామంటే ఇద్దరికీ కాళ్లు ఆడవు, ఎందుకంటే చట్టం ప్రకారం ఆ అద్దే తప్పు.

చట్టం అంటే 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం. దాని కంటే ముందు 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక గీత గీసింది. వీధిలో వ్యాపారం చేసుకోవడం ప్రాథమిక హక్కే, సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చు, ఫలానా చోటే నాది అని పట్టుబట్టే హక్కు మాత్రం లేదు. వినడానికి బాగానే ఉంది. మద్రాసు బస్టాండ్ దగ్గర నిలబడి ఆలోచిస్తే, వ్యాపారాన్ని చోటు నుంచి విడదీయడం చేపను నీళ్ల నుంచి విడదీసినట్టే. ఆ ఖాళీని 2014 చట్టం కొంత పూడ్చాలని చూసింది. అయిదేళ్లకోసారి సర్వే చేయాలి. సర్వేలో తేలినవాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వాలి. పట్టణ జనాభాలో రెండున్నర శాతం వరకు వ్యాపారులకు చోటు చూపించాలి. సర్వే అయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. ఆ తర్వాత లేపాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే, అదీ ఎన్నికైనవాళ్లు ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం చూసినా నెల్లూరు నగరం అయిదు లక్షలు దాటింది. రెండున్నర శాతం అంటే పన్నెండున్నర వేల మందికి పైమాటే. అన్ని వేల జాగాలను సున్నంతో గీసి, నంబర్లు వేసి చూపించడం ఎంత పనో ఊహించుకోవచ్చు.

జరిగింది ఏమిటంటే, మనిషికి గుర్తింపు వచ్చింది, జాగాకు రాలేదు. కరోనా మొదటి లాక్‌డౌన్ తర్వాత 2020 జూన్‌లో వీధి వ్యాపారులకు అప్పులిచ్చే పీఎం స్వనిధి మొదలైంది. 2025లో పెంచేదాకా మొదటి విడత పదివేలు, కట్టేస్తే ఇరవై, అది కూడా కట్టేస్తే యాభై వేలు. అదే ఏడాది నవంబరులో రాష్ట్రంలో జగనన్న తోడు కింద వడ్డీ లేకుండా పదివేలు ఇచ్చారు. వీటి కోసం పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా వాళ్లూ వార్డు సచివాలయం వాళ్లూ తిరిగి పేర్లు రాసుకున్నారు, కార్డులూ సిఫార్సు లేఖలూ ఇచ్చారు. మంచి పనే, ఎంతోమంది వడ్డీల నుంచి బయటపడ్డారు. కానీ ఆ కార్డు చెప్పేది ఈమె పూలు అమ్ముతుంది అని మాత్రమే. ఏ స్తంభం దగ్గర, ఎన్ని అడుగుల్లో, ఏ వేళకు అమ్ముతుందో చెప్పదు. గొడవ వచ్చినప్పుడు ఇద్దరి చేతుల్లోనూ కార్డులుంటాయి. రెండూ అసలువే.

అప్పుడు పోలీస్ స్టేషన్. అక్కడ ఎప్పుడూ వినబడే మాట ఒకటుంది: 'ఆ రోడ్డు నీదీ కాదు, వాడిదీ కాదు, పోండి.' చట్టప్రకారం ఆ మాటలో తప్పు లేదు. దెబ్బలు తగిలి ఉంటే భారతీయ న్యాయ సంహిత కింద కేసు కడతారు. తగలకపోతే ఇద్దరినీ తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు, ఇంతకాలం గొడవ పడము అని పూచీకత్తు రాయించుకుంటారు. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అన్నీ రాస్తారు. జాగా ఎవరిది అనే ఒక్కటి మాత్రం రాయరు, ఎందుకంటే అది తేల్చే పని వాళ్లది కాదు. మర్నాడు పొద్దున బైండోవర్ అయిన ఇద్దరూ మళ్లీ అదే నాలుగడుగుల దగ్గరికి వస్తారు. వ్యాపారుల ఫిర్యాదులు వినడానికి సివిల్ జడ్జిగానో మెజిస్ట్రేట్‌గానో పనిచేసిన వ్యక్తి అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలని 2014 చట్టంలో ఉంది. బజ్జీల బండి దగ్గర నిలబడి ఆ కమిటీ గురించి అడిగి చూడండి.

చట్టం వదిలేసిన చోటు ఖాళీగా ఉండదు. ఆశీలు వేలం నడిచే సంతల్లో, మార్కెట్లలో కాంట్రాక్టరు బుట్టకు ఇంత, బండికి ఇంత అని వసూలు చేస్తాడు. ఆ చీటీ రెండు వేళ్ల వెడల్పు కాగితం ముక్క. దాన్ని పారేయకుండా బియ్యం డబ్బాలో దాచుకునే ఆడవాళ్లున్నారు, ఎప్పటికైనా 'ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నాను' అని చూపించుకోవడానికి. కానీ కాంట్రాక్టరుకు లాభం ఎక్కువ బండ్లలో ఉంటుంది. ఇద్దరి మధ్య మూరెడు సందు కనబడితే మూడో బండిని దూర్చుతాడు. చీటీ ముగ్గురికీ ఇస్తాడు. ఆ మూడో బండివాడు తప్పు చేశాడా? డబ్బు కట్టాడు, రసీదు ఉంది. అటూ ఇటూ ఉన్నవాళ్లు మాత్రం కొట్లాడేది కాంట్రాక్టరుతో కాదు, వాడితోనే.

వెనక షాపు ఓనరు సంగతి ఇంకా విచిత్రం. ఫుట్‌పాత్ కార్పొరేషన్‌ది, దాని మీద అద్దె షాపువాడిది. కరెంటు తీగ లోపలి నుంచి ఇచ్చినందుకు అని కొందరు, షాపుకు అడ్డం నిలబడినందుకు అని కొందరు, ఏమీ చెప్పకుండానే ఇంకొందరు నెలనెలా తీసుకుంటారు. వాటి మీద వీధి పెద్దల మామూళ్లు, పండగలకు చందాలు. ఇవన్నీ కట్టిన మనిషికి ఆ జాగా తనదే అనిపించడంలో వింతేముంది?

గొడవను రేపటికి వాయిదా వేసుకోలేకపోవడానికి అప్పు ఒక కారణం. డైలీ ఫైనాన్స్ పద్ధతి అందరికీ తెలిసిందే. పదివేలు అని రాసుకుని ఎనిమిదిన్నరో తొమ్మిదో చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. రాత్రి ఎనిమిదింటికి బైకు వచ్చి బండి పక్కన ఆగుతుంది. దీనికి తోడు తెల్లవారుజామున తెచ్చిన సరుకు. స్టోన్‌హౌస్‌పేటలో కొన్న ఉల్లిపాయ అయితే రెండు రోజులు ఆగుతుంది. మైపాడు నుంచి వచ్చిన చేప ఆగదు, కోసి పెట్టిన పుచ్చకాయ అసలే ఆగదు. ఉద్యోగి తన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే పై అధికారికి అర్జీ పెట్టి ఇంటికి పోవచ్చు. బుట్ట నిండా చేపలతో నిలబడిన మనిషికి ఆ వ్యవధి లేదు. మధ్యాహ్నం లోపల తేలాలి.

మాటలు చేతలైనప్పుడు గాయాలు ఇంత పెద్దవి ఎందుకవుతాయో కూడా బండి మీదే కనబడుతుంది. కొబ్బరి బోండాల బండి మీద నున్నగా అరిగి తళతళలాడే కత్తి. పునుగుల బండి మీద సలసల కాగే నూనె. కూరగాయల దగ్గర కాటా, రెండు కేజీల తూకం రాయి. చెరకు రసం దగ్గర గడలు. ఇదే కోపం ఇద్దరు గుమాస్తాలకు వస్తే ఫైలు విసిరికొట్టడంతో పోతుంది. ఇక్కడ చేతికి అందినదల్లా ఆయుధమే, చుట్టూ ఇరవై మంది చూస్తూ ఉంటారు. ఈ రోజు ఒక అడుగు వెనక్కి తగ్గితే రేపు అందరూ తలా ఒక అడుగు తోస్తారని ప్రతి బండివాడికీ తెలుసు. అందుకే పది రూపాయల విషయానికి కూడా పదివేల విషయానికి నిలబడ్డట్టు నిలబడతారు. పైగా ఒకే ఊరివాళ్లు, ఒకే ఇంటివాళ్లు వరసగా బండ్లు పెట్టడం మామూలే. ఒకడి మీద చెయ్యి పడితే బావ, బావమరిది, చిన్నాన్న కొడుకు అంతా దిగుతారు.

ఆడవాళ్ల దగ్గర కథ వేరుగా నడుస్తుంది. వాళ్ల గొడవలు వార్తల్లోకి తక్కువగా వస్తాయి, తక్కువగా జరుగుతాయని కాదు. గంపతో నేల మీద కూర్చున్న మనిషిని జరపడానికి కొట్టనక్కర్లేదు, ముందు బైకు అడ్డంగా పెడితే చాలు. లేదా తెల్లవారేసరికి ఆమె కూర్చునే చోట నీళ్లు కుమ్మరించి ఉంటాయి. 'ఏందన్నా ఇది' అని అడిగితే 'నాకేం తెలుసమ్మా' అంటారు. మూడు రోజులు అలా జరిగితే ఆమె తనంతట తనే ఎండలోకి జరుగుతుంది. ఏ కేసూ ఉండదు.

ఈ గొడవలు ఎప్పుడు ఎక్కువవుతాయి? ఎవరైనా మంత్రి వస్తున్నాడనో, ట్రాఫిక్ సమస్య అనో టౌన్ ప్లానింగ్ వాళ్లు జేసీబీతో వచ్చి ట్రంక్ రోడ్డు ఖాళీ చేయించిన తర్వాతి వారంలో. ఇది కాకతాళీయం కాదు. ఖాళీ చేయించిన రోజు వ్యాపారులంతా ఒకటిగా ఉంటారు, కలిసి అరుస్తారు, కలిసి ధర్నా చేస్తారు. నాలుగో రోజు ఒకడు మెల్లగా బండి తోసుకొస్తాడు. ఎవరూ ఏమీ అనకపోతే ఇంకొకడు. అప్పటికి ఇటుకలు లేవు, స్టూళ్లు లేవు, పదిహేనేళ్లుగా కూడబెట్టుకున్న వరస లేదు. ముందు వచ్చినవాడిదే జాగా అనే నియమం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పాతవాడు వారం ఆలస్యంగా వస్తే అతని చోట కొత్తవాడుంటాడు, 'రోడ్డు నీ అబ్బ సొమ్మా' అంటాడు. డ్రెయినేజీ పనులకు రోడ్డు తవ్వినప్పుడూ, బస్ స్టాప్ వందడుగులు అవతలికి మార్చినప్పుడూ ఇదే తంతు. చిరు వ్యాపారుల ఘర్షణ అని పేపర్లో పడే వాటిలో చాలా వాటికి మూలం పది రోజుల ముందు ఎవరో ఆఫీసరు చేసిన సంతకంలో ఉంటుంది. కేసులో మాత్రం ఆ సంతకం ముద్దాయి కాదు.

పండగల గొడవలు ఇంత దూరం పోవు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు ఎక్కడెక్కడి నుంచో బొమ్మలవాళ్లు, గాజులవాళ్లు వస్తారు, స్వర్ణాల చెరువు చుట్టూ తోపులాట ఉంటుంది, అయిదు రోజులకు ఎవరి ఊరు వాళ్లు పోతారు. ఉలవపాడు దగ్గర హైవే పక్కన మామిడి పందిళ్లదీ సీజన్ సంగతే.

జాగాను కొట్లాట లేకుండా పంచుకోవడం ఈ తీరానికి తెలియని విద్య కాదు. ఆంధ్ర, తమిళనాడు సరిహద్దున ఉన్న పులికాట్ సరస్సులో జాలర్లకు 'పాడు' అనే కట్టుబాటు ఉంది. మంచి చేపలు పడే చోట్లు కొన్నే. అక్కడ ఏ రోజు ఎవరు వల వేయాలో ముందే చీట్లు తీసి వంతులు వేసుకుంటారు. ఈ రోజు మంచి చోటు దొరికినవాడికి రేపు ఇంకో చోటు. ఎవరి దగ్గరా పట్టా లేదు, అయినా హద్దు ఉంది. దాన్ని మరీ ఆకాశానికెత్తనవసరం లేదు. పాడు ఉన్నవాళ్ల మధ్య గొడవలు తగ్గాయి కానీ, పాడులో చేరనివ్వని జాలర్లతో ఘర్షణలు తప్పలేదు. వంతుల జాబితాలో ఎవరి పేరు ఉండాలి అనేదే అక్కడ అసలు తగాదా అయింది.

పట్టణాల్లో వీధి వ్యాపారుల కోసం ఇప్పుడు కడుతున్న వెండింగ్ జోన్లకు కూడా ఈ చిక్కే ఎదురవుతుంది. నెల్లూరులో మైపాడు గేటు దగ్గర కంటైనర్లతో స్మార్ట్ స్ట్రీట్ వచ్చింది. నంబరు ఉన్న షాపు, కరెంటు, నీళ్లు, పైన కప్పు. నంబరు ఉన్న చోట ఇటుక అక్కర్లేదు, నిజమే. అయితే ఇలా ఏ ఊళ్లో జోన్ కట్టినా రెండు సంగతులు చూడాలి. ఒకటి, జాబితాలో ఎవరున్నారు, రోడ్డు మీద నిజంగా ఎండలో ఉన్నవాళ్లా, వాళ్ల పేరు మీద ఇంకెవరైనానా. రెండు, జోన్‌లోకి వెళ్లినవాడు వదిలిన పాత జాగా. అది వారం కూడా ఖాళీగా ఉండదు. కొత్త చోట బేరాలు ఎలా ఉంటాయో అనే భయంతో చాలామంది అక్కడ భార్యను, ఇక్కడ కొడుకును నిలబెట్టి రెండు పడవల మీద కాళ్లు పెడతారు. పాత జాగాకు కొత్త హక్కుదారులు వస్తారు, పాత గొడవ కొత్త మనుషులతో నడుస్తుంది.

దీనికంటే చవకైనది ఒకటి చాలా సెంటర్లలో ఎవరూ చెప్పకుండానే నడుస్తోంది. ఒకే జాగాలో పొద్దున ఇడ్లీ బండి, మధ్యాహ్నం నీడలో చెప్పులు కుట్టే మనిషి, సాయంత్రం పునుగులు. ముగ్గురు ఓనర్లు, మూడు వేళలు. వేళలు పంచుకుని అమ్ముకోవచ్చని 2014 చట్టంలోనూ ఉంది, సర్టిఫికెట్‌లో ఆ వేళ రాసి ఇవ్వడానికి అడ్డేమీ లేదు. రాయనందువల్ల వచ్చే గొడవ రోజూ ఒకే గంటకు వస్తుంది. పదకొండుకు కదలాల్సిన ఇడ్లీ బండి పదకొండుంబావు అయినా కదలదు, ఇంకా రెండు ప్లేట్ల పిండి ఉంది. చెప్పులు కుట్టే మనిషి గొడుగు భుజాన వేసుకుని ఎండలో నిలబడి చూస్తుంటాడు. ఇడ్లీ బండామె అతని వైపు చూడకుండా గిన్నెలు కడుగుతుంది. ఆ నీళ్లు నేల మీద పోసి, చీపురుతో కాలవలోకి నెట్టి, చోటు శుభ్రం చేసి మరీ బండి తోసిందంటే ఆ రోజుకు అంతా సవ్యం. ఆ నీళ్లు అతని గొడుగు వైపు పారితే మాత్రం సాయంత్రం పునుగులవాడు వచ్చేసరికి అక్కడ జనం గుమిగూడి ఉంటారు.